ముందు వాల్వు, ఆ తర్వాతే రంధ్రం

గుండెకు ఒకే జబ్బు ఉంటే వైద్యం దారి చాలావరకు తెలిసిందే. రెండు జబ్బులు కలిసి వచ్చి, ఒకదాన్ని ఇంకొకటి దాచిపెడుతుంటేనే తలపండిన డాక్టర్లకు కూడా మాటామాటా వస్తుంది. ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే మైట్రల్ వాల్వు ఇరుకైపోవడం ఒక జబ్బు. పై గదులు రెండింటినీ వేరుచేసే గోడలో పుట్టుకతోనే రంధ్రం ఉండటం ఇంకో జబ్బు. రెండూ ఒకే మనిషిలో ఉంటే దాన్ని లూటెంబాకర్ సిండ్రోమ్ అంటారు. 1916లో రెనే లూటెంబాకర్ అనే ఫ్రెంచి వైద్యుడు దీని గురించి వివరంగా రాశాడు, అందుకని ఆ పేరు. రంధ్రం పుట్టుకతో వచ్చేది. వాల్వు ఇరుకు మాత్రం మన దగ్గర దాదాపు ఎప్పుడూ చిన్నతనంలో వచ్చిన రుమాటిక్ జ్వరం మిగిల్చి పోయిందే. ఆ జ్వరం దాదాపుగా కనుమరుగైన దేశాల్లో ఈ జంట జబ్బు అరుదు. మన పెద్దాసుపత్రుల్లో ఇంకా కనబడుతూనే ఉంది.

ఈ జబ్బుకు వైద్యం ఎలా చేయాలన్నదాని మీద నా ఎదుట ఒక మేనమామకూ మేనకోడలికీ మధ్య వాదన జరిగింది. ఆయన రిటైరైన గుండె సర్జన్. పక్కటెముకల మధ్య నుంచి చెయ్యి పెట్టి, వేలితో వాల్వు విడదీసిన తరం మనిషి. ఆమె హైదరాబాదులో కార్డియాలజిస్టు, రోజులో సగం కాథ్‌ల్యాబ్‌లోనే గడుస్తుంది. వాదనకు కారణం 26 ఏళ్ల ఒక యువతి ఎకో రిపోర్టు. పెళ్లయింది, పిల్లలు కావాలనుకుంటోంది. బిందెడు నీళ్లు మోస్తే ఆయాసం. వాల్వు వైశాల్యం 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు ఉండాల్సింది, ఆమెకు 0.9 ఉంది. గోడలో రంధ్రం 22 మిల్లీమీటర్లు.

మామయ్య: రిపోర్టు చూశానమ్మా. ఇది ఆపరేషన్ కేసు. ఛాతీ తెరిస్తే వాల్వును కళ్లారా చూసి, అతుక్కుపోయిన చోట కోస్తాం. గుండె మీది పొర ఉంది కదా, అందులోంచి ముక్క తీసి రంధ్రానికి మాటు వేస్తాం. కుడివైపు ట్రైకస్పిడ్ వాల్వు లీకవుతుంటే దానికీ రింగు వేస్తాం. మూడు పనులూ ఒక్కసారికే అయిపోతాయి. నువ్వేమో గజ్జలో సూది గుచ్చి, తెర మీద నీడలు చూస్తూ చేస్తానంటున్నావు.

మేనకోడలు: నీడలు చూసే రోజులు పోయాయి మామయ్యా. ఎకో గొట్టం అన్నవాహికలోకి దింపితే వాల్వు రేకులు ఎక్కడ అతుక్కున్నాయో, రంధ్రానికి చుట్టూ అంచు ఎంత మిగిలిందో విడివిడిగా కనిపిస్తాయి. పైగా మీరు చూసేటప్పుడు గుండె ఆగి, ఖాళీగా ఉంటుంది. నేను చూసేటప్పుడు కొట్టుకుంటూ, రక్తంతో నిండుగా ఉంటుంది. వాల్వు ఎంత తెరుచుకుంది, లీకేమైనా మొదలైందా అన్నది ఆ క్షణమే తెలుస్తుంది.

మామయ్య: ఆ ఎకోనే ఈ జబ్బులో మోసం చేస్తుంది. మామూలుగా వాల్వు ఇరుకైతే ఎడమ పై గదిలో ఒత్తిడి పెరిగి, అది ఊపిరితిత్తుల మీద పడుతుంది. రాత్రి పడుకోనివ్వదు, దగ్గితే రక్తం పడుతుంది. గోడలో రంధ్రం ఉన్నవాళ్లకు ఆ ఒత్తిడి కుడివైపుకు జారిపోతుంది. వాల్వు దగ్గర కొలిస్తే ఒత్తిడి తేడా తక్కువే కనిపిస్తుంది. జబ్బు చిన్నదే అనుకుని రంధ్రం ఒక్కటే మూసి ఇంటికి పంపిన సంగతులు వైద్య పత్రికల్లో వచ్చాయి. ఆ రోగులు ఊపిరితిత్తుల్లో నీరు చేరి వెనక్కొచ్చారు.

మేనకోడలు: అక్కడ మీతో నాకు పేచీ లేదు. అందుకే ఒత్తిడి తేడా చూసి నేను తీర్పు చెప్పను. ఒత్తిడి తగ్గడానికి పట్టే సమయాన్ని బట్టి లెక్కగట్టే పద్ధతీ ఇక్కడ పనికిరాదు, రంధ్రం ఆ లెక్కను తప్పిస్తుంది. వాల్వు మూతిని సూటిగా చూస్తూ దాని అంచు వెంట గీత గీసి వైశాల్యం కొలిచాను. ఆ 0.9 అలా వచ్చిందే.

మామయ్య: మంచి పని చేశావు. అయినా ఒక మాట. ఆ రంధ్రం ఆమెకు ఇన్నేళ్లుగా మేలే చేసింది. లూటెంబాకర్ రాసిన ఆ రోగి 61 ఏళ్లు బతికింది, ఏడుసార్లు గర్భం మోసింది. అంత ఇరుకు వాల్వుతో అన్ని కాన్పులు ఎలా తట్టుకుందంటావు? చెరువుకు తూము పూడిపోయినా, అలుగు పారుతున్నంతకాలం కట్ట తెగదు. తూము బాగుచెయ్యకుండా అలుగు మూసినవాడు కట్టను వాడే తెంచినట్టు.

మేనకోడలు: అందుకే ముందు వాల్వు తెరుస్తాను, ఆ తర్వాతే రంధ్రం జోలికి వెళ్తాను. ఈ వరస తప్పితే మీరన్న ప్రమాదమే. పుపుస ధమని వాల్వు ఇరుకుతో పాటు గోడలో రంధ్రం ఉన్న పిల్లల్లోనూ ఇదే వరస. అలాగని అలుగు ఎల్లకాలం పారనిస్తే ఏమవుతుందో కూడా చూడండి. ఏళ్ల తరబడి అటు పారిన రక్తమంతా కుడివైపు గుండెనే ఉబ్బించింది. ఇప్పటికే ఆమె కుడి గదులు పెద్దవయ్యాయి. ఇలాగే వదిలేస్తే గుండె లయ తప్పుతుంది, కాళ్లకు నీరు పడుతుంది, ఊపిరితిత్తుల రక్తనాళాలు గట్టిపడతాయి. అవి గట్టిపడిపోయాక రంధ్రం మూసే అవకాశమే ఉండదు.

ఇంతవరకు ఇద్దరిదీ ఒకే మాట. వరస తప్పకూడదని శస్త్రచికిత్సా చెబుతుంది, గజ్జలోంచి సన్నని గొట్టం పంపి చేసే కాథెటర్ వైద్యమూ చెబుతుంది. అసలు తగువు ఇక్కడి నుంచి మొదలైంది.

మామయ్య: వాల్వును బెలూన్‌తో తెరుస్తావు, సరే. బెలూన్‌కు కళ్లున్నాయా? అతుకు ఉన్నచోటే చీలుతుందని నమ్మకమేమిటి? రేకు చీలితే రక్తం వెనక్కి ఎగదన్నుతుంది. రాత్రికి రాత్రి నా బోటివాణ్ని లేపి ఆపరేషన్ థియేటర్‌కు రమ్మంటారు.

మేనకోడలు: అలా జరగదని నేననను. నూటికి ఏ ఇద్దరు ముగ్గురికో లీకు తీవ్రమవుతుంది, అందుకే సర్జన్ అందుబాటులో లేనిచోట నేను ఈ పని మొదలుపెట్టను. కానీ బెలూన్ ఊరికే ఉబ్బే సంచి కాదు కదా. కాంజి ఇనోవే చేసిన బెలూన్ ముందు తన కొస భాగం మాత్రమే ఉబ్బుతుంది. దాన్ని కింది గదిలో ఉబ్బించి, మెల్లగా వెనక్కి లాగి వాల్వుకు ఆనిస్తాం. తర్వాత వెనక భాగం ఉబ్బుతుంది, అప్పుడు వాల్వు రెండింటి మధ్య ఇరుక్కుంటుంది, బెలూన్ ఇటూ అటూ జారదు. చివరికి నడుము ఉబ్బుతుంది. ఆ ఒక్క క్షణంలో రేకుల కలయిక దగ్గరి అతుకులు విడిపోతాయి. సైజు కూడా కంటితో అంచనా వేసేది కాదు. ఎత్తు సెంటీమీటర్లలో తీసుకుని, పదితో భాగించి, పది కలుపుతాం. ఈ అమ్మాయి ఎత్తు 150, అంటే 25 మిల్లీమీటర్లు. అదీ ఒకేసారి కాదు. తక్కువతో మొదలుపెట్టి, ప్రతిసారీ ఎకో చూసి, ఒక్కో మిల్లీమీటరు పెంచుతూ పోతాం.

మామయ్య: ఇనోవే మా వాడేనమ్మా, సర్జనే. 1982లో మొదటిసారి వాడి, 1984లో శస్త్రచికిత్స పత్రికలోనే ప్రకటించాడు.

మేనకోడలు: ఆ దారి వేసింది సర్జన్‌లే మామయ్యా, నేను కాదనను. ఇంకో మాట చెప్తాను, ఇది మన హైదరాబాదుదే. నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సోమరాజు గారి బృందం అమెరికా వైద్యులతో కలిసి 60 మంది మైట్రల్ ఇరుకు రోగుల్ని చీటీ వేసినట్టు రెండు జట్లుగా విడదీసింది. సగం మందికి బెలూన్, సగం మందికి ఛాతీ తెరిచి కోత. 1994లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. మూడేళ్ల తర్వాత కొలిస్తే బెలూన్ జట్టులో వాల్వు సగటు వైశాల్యం 2.4, కోత జట్టులో 1.8. మీరు కళ్లారా చూసి కోసిన వాల్వు కంటే బెలూన్ తెరిచిన వాల్వు మేలుగా నిలిచింది.

మామయ్య: ఆ పేపరు నాకు కంఠతా వచ్చు. నిజాయితీగా చేసిన పని, ఆ ఫలితం చూశాకే నేను కూడా వట్టి వాల్వు ఇరుకు కేసుల్ని మీవాళ్లకు పంపడం మొదలుపెట్టాను. కానీ ఆ 60 మందికీ ఉన్నది వాల్వు జబ్బొక్కటే, ఈ అమ్మాయికున్న రంధ్రం వాళ్లకు లేదు. రెండు జబ్బులకూ కలిపి కాథెటర్ వైద్యం బాగుందా, కోత బాగుందా అని అలా చీటీ వేసి తేల్చిన పరీక్ష ఒక్కటి చూపించు.

మేనకోడలు: లేదు. ఉన్నవన్నీ ఒక్కో రోగి కథలు, చిన్న చిన్న జట్ల అనుభవాలు. 1999లో వేలూరు సీఎంసీ ఆసుపత్రి వాళ్లు వాల్వు తెరిచే బెలూన్, రంధ్రం మూసే ఆంప్లాట్జర్ డివైస్ రెండూ కలిపి ఈ జబ్బుకు పూర్తి వైద్యం చేయవచ్చని రాశారు. తర్వాత ఎన్నో దేశాల నుంచి అలాంటివి వచ్చాయి. జబ్బు అరుదైనది, పెద్ద పరీక్ష పెట్టేంత మంది ఒక్కచోట దొరకరు. అప్పుడు మనకు మిగిలేది విడివిడిగా ఏది నిలబడిందో చూసి, కలిపినప్పుడు ఏం మారుతుందో ఆలోచించడమే.

మామయ్య: ఏం మారుతుందో నేను చెప్తాను. రుమాటిక్ వాల్వు ఒకసారి తెరిస్తే తీరిపోయేది కాదు. పదేళ్లకో పదిహేనేళ్లకో మళ్లీ అతుక్కుంటుంది. మామూలు రోగికైతే అప్పుడు మళ్లీ గజ్జలోంచి వెళ్లి, పై గదుల మధ్య గోడకు సూది గుచ్చి, ఎడమవైపుకు దాటి, ఇంకోసారి బెలూన్ వేస్తావు. ఈ అమ్మాయికి ఆ గోడ మీద నికెల్, టైటేనియం తీగల వల కూర్చుని ఉంటుంది. అప్పటికి ఆమెకు నలభై. ఏ దారిన వెళ్తావు?

ఈ ప్రశ్నకు ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. నేను విన్న మొత్తం వాదనలో దీన్ని మించిన ప్రశ్న లేదు. ఈ రోజు చేసే వైద్యం పదిహేనేళ్ల తర్వాతి వైద్యానికి అడ్డుపడుతుందా అని అడిగేవాళ్లు తక్కువ. రోగి ఎలాగూ అడగదు, ఆమెకు ఆ సంగతే తెలియదు.

మేనకోడలు: సరైన ప్రశ్నే అడిగారు. కానీ మీ మాటు కూడా అదే గోడకు పడుతుంది కదా?

మామయ్య: నా మాటు గుండె మీది పొరది. పదిహేనేళ్లకు కూడా సూది దిగుతుంది. తీగల వలలోంచి దించడం అంత తేలిక కాదు.

మేనకోడలు: నిజమే, తేలిక కాదు. అయితే డివైస్ గోడనంతా కప్పేయదు. కింది వైపు, వెనక వైపు సొంత గోడ కొంత మిగులుతుంది. గుండె లయ సరిచేసే వైద్యానికి వచ్చిన డివైస్ రోగుల్లో ఎకో చూసుకుంటూ ఆ మిగిలిన చోట గుచ్చి ఎడమవైపుకు వెళ్లడం ఇప్పటికే జరుగుతోంది. అందుకే నేను డివైస్ సైజు విషయంలో పిసినారిని. రంధ్రంలో మెత్తటి కొలత బెలూన్ పెట్టి, పక్కనుంచి రక్తం పారడం ఎక్కడ ఆగిందో అక్కడే ఆపి కొలుస్తాను. భద్రంగా ఉంటుందని రెండు సైజులు పెద్దది పెట్టడం నాకు ఇష్టం ఉండదు. పెద్దది పెడితే గోడ మిగలదు, పైగా పక్కనున్న మహాధమని గోడను ఏళ్ల మీద ఒరుసుకునే ప్రమాదం ఉంది. అరుదే, కానీ జరిగితే ప్రాణాంతకం.

మామయ్య: ఈ సంగతి రోగికి చెప్తావా?

మేనకోడలు: చెప్తాను. ఇంతవరకు రాతలో పెట్టలేదు. ఇకమీదట పెడతాను.

మామయ్య: ఇంకో భయం చెప్తాను. బెలూన్ వేశావు, వాల్వు తెరుచుకుంది, అంతా బాగుందనుకుని అదే పూట రంధ్రం మూసేశావు. రాత్రికి లీకు పెరిగిందనుకో. ఇదివరకైతే ఒత్తిడి కుడివైపుకు పోయేది. ఇప్పుడు పోయే చోటే లేదు.

మేనకోడలు: అందుకే మూసే ముందు మూసినట్టు చేసి చూస్తాను. ఆ కొలత బెలూన్‌నే రంధ్రంలో ఉబ్బించి పది, పదిహేను నిమిషాలు అలాగే ఉంచి, ఎడమ పై గదిలో ఒత్తిడి చూస్తూ కూర్చుంటాను. సూచీ పైకి ఎగబాకితే ఆ పూట రంధ్రం ముట్టుకోను. నిలకడగా ఉంటేనే డివైస్. దానికున్న రెండు బిళ్లల్లో మొదట ఎడమది విప్పి గోడకు ఆనిస్తాం, తర్వాత కుడిది. వదిలే ముందు డివైస్‌ను పట్టుకున్న కేబుల్‌ను మెల్లగా ముందుకు తోసి, వెనక్కి లాగి కదుపుతాం. గోడతో పాటు కదిలిందా, గోడను వదిలి కదిలిందా? వదిలి కదిలితే మళ్లీ గొట్టంలోకి లాక్కుంటాం. గట్టిగా కూర్చుందని ఎకోలో చూశాకే కేబుల్‌ను ఎడమవైపుకు తిప్పి మర ఊడదీస్తాం.

మామయ్య: బెలూన్ వేశాక రంధ్రం మూయాల్సిన పనే లేకపోతే?

మేనకోడలు: అదీ ఉంది. వాల్వు తెరుచుకుంటే ఎడమవైపు ఒత్తిడి తగ్గుతుంది, రంధ్రంలోంచి పారే రక్తమూ తగ్గుతుంది. చిన్న రంధ్రమైతే వదిలేసి చూడొచ్చు. 22 మిల్లీమీటర్ల దాని సంగతి వేరు, అది పారడం ఆగదు. అయినా అదే రోజు మూసి తీరాలన్న పట్టుదల నాకు లేదు. వాల్వులో అనుమానం ఏమాత్రం ఉన్నా కొన్ని వారాలు ఆగి, మళ్లీ ఎకో తీసి మూస్తాను.

మామయ్య: రెండోసారి రాకపోతే? బస్సెక్కి ఆరు గంటలు ప్రయాణం చేసి వచ్చే మనుషులు. ఆయాసం తగ్గగానే పత్తి చేలోకి వెళ్లిపోతారు. నేను కోత అని పట్టుబట్టేది ఇందుకే. ఒక్కసారి మన చేతికి దొరికినప్పుడే అన్నీ చేసి పంపాలి.

మేనకోడలు: కోత అయినవాళ్లు కూడా రావాల్సిందే కదా మామయ్యా. వాల్వు బాగుచేద్దామని లోపలికి వెళ్లి, పాడైపోయిందని చూసి, లోహపు వాల్వు పెట్టాల్సి వస్తే? రక్తం గడ్డకట్టకుండా జన్మంతా అసిట్రామ్ మింగాలి, ఐఎన్‌ఆర్ రక్తపరీక్ష చేయించుకుంటూ ఉండాలి. గర్భం వచ్చిన తొలి నెలల్లో ఆ మందు బిడ్డకు హాని, ఆపితే వాల్వు మీద రక్తం గడ్డకడుతుంది. పిల్లలు కావాలనుకునే 26 ఏళ్ల అమ్మాయిని ఆ సంకటంలోకి నెట్టకుండా ఇంకో పదిహేనేళ్లు గడిపించగలిగితే నాకు అంతకంటే ఏం కావాలి? గర్భంలో రక్తం పరిమాణం దాదాపు సగం పెరుగుతుంది. ఈ వాల్వుతో ఆమె నెలలు నిండేదాకా మోయలేదు. ముందే తెరవాలి.

మామయ్య: పిల్లల మాట ఎత్తావు, అక్కడ నేను తగ్గుతాను. ఇదే అమ్మాయికి వాల్వు నిండా సున్నం పేరుకుని ఉంటే?

మేనకోడలు: మీ దగ్గరికే పంపేదాన్ని, ఒక్క మాట కూడా వాదించకుండా. రెండు అతుకుల దగ్గరా సున్నం గట్టిపడినా, ఎడమ పై గదిలో రక్తపు గడ్డ ఉన్నా, లీకు ముందే ఎక్కువగా ఉన్నా బెలూన్ వేయకూడదు. రంధ్రం గోడ నడుమ కాకుండా కింద వాల్వుల దగ్గరో, పైన పెద్ద సిర వచ్చి కలిసేచోటో ఉంటే డివైస్ నిలవదు. ట్రైకస్పిడ్ తీవ్రంగా లీకవుతున్నా మీ రింగే మేలు. ఈ అమ్మాయికి అవేవీ లేవు. రేకులు పలుచగా ఉన్నాయి, కదులుతున్నాయి, రంధ్రం చుట్టూ అంచు 5 మిల్లీమీటర్లకు పైనే ఉంది.

మామయ్య: రంధ్రం ఉంది కాబట్టి నీ పని సులువవుతుందని మాత్రం అనుకోకు. గోడకు సూది గుచ్చే శ్రమ తప్పుతుంది గానీ, అంత పెద్ద రంధ్రంలో కాథెటర్‌కు ఆనిక దొరకదు. వాల్వు వైపు తిరగక పై గదిలోనే చుట్టలు తిరుగుతుంది.

మేనకోడలు: తెలుసు. తీగను కింది గదిలోకి పంపి, దాని మీదుగా బెలూన్ ఎక్కించాల్సి రావచ్చు. సిద్ధంగానే ఉంటాను.

మామయ్య: సరే, చెయ్యి. కానీ పెనిసిలిన్ మాటేమిటి? నువ్వు బెలూన్ వేసినా నేను కత్తి పెట్టినా, రుమాటిక్ జ్వరం తెచ్చే స్ట్రెప్టోకాకస్ గొంతులో మళ్లీ దిగితే ఆ వాల్వు మళ్లీ చెడుతుంది. మూడు వారాలకోసారి పెనిసిలిన్ సూది, కనీసం నలభై ఏళ్లు వచ్చేదాకా. ఆ సూది వాళ్ల ఊరి పీహెచ్‌సీలో దొరుకుతుందో లేదో కనుక్కున్నావా?

మేనకోడలు: కనుక్కోలేదు. డిశ్చార్జి కాగితం మీద రాసి ఊరుకుంటున్నాం, మీరన్నది నిజం. ఈసారి పంపేముందు అక్కడి డాక్టరుతో ఫోన్లో మాట్లాడతాను.

ఇద్దరి మాటలూ విన్నాక నాకు తోచింది చెప్పడం నా బాధ్యత. ఈ అమ్మాయి విషయంలో నేను మేనకోడలి పక్షం. వయసు, వాల్వు తీరు, రంధ్రం అంచులు, పిల్లల కోరిక అన్నీ కాథెటర్ వైపే చూపిస్తున్నాయి. ఛాతీ మీద మచ్చ పడదన్నది ఇందులో చాలా చిన్న కారణం. ఆసుపత్రుల ప్రకటనల్లో దాన్నే ముందు చెప్పడం నాకు బాధ కలిగిస్తుంది. అయితే మామయ్య పెట్టిన షరతులు రెండూ న్యాయమైనవి. వాల్వు మళ్లీ మూసుకుంటే ఏ దారిన వెళ్తారో ఈ రోజే ఆలోచించి, ఆ సంగతి రోగికి చెప్పాలి. పెనిసిలిన్ సూది ఊళ్లో అందేలా చూడాలి. ఈ రెండూ చేయకుండా బెలూన్ వేసి, డివైస్ పెట్టి పంపితే అది సగం వైద్యమే.

మీ ఇంట్లో ఎవరికైనా వాల్వు ఇరుకూ గోడలో రంధ్రమూ రెండూ ఉన్నాయని రిపోర్టు వస్తే, సంతకం పెట్టేముందు డాక్టరుగారిని మొహమాటం లేకుండా అడగండి. వాల్వు వైశాల్యం గీత గీసి కొలిచారా? ముందు దేన్ని బాగుచేస్తారు? రంధ్రం అదే రోజు మూస్తారా, ఆగి చూస్తారా? లీకు పెరిగితే సర్జన్ ఎవరు, ఎంతసేపట్లో వస్తారు? పదిహేనేళ్ల తర్వాత వాల్వు మళ్లీ ఇరుకైతే ఎలా చేరుకుంటారు? ఇంటికి వచ్చాక మూడు వారాల సూది తేదీని క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి. ఆయాసం పూర్తిగా పోయినా ఆ సూది మానకండి.